జేబున్న అగ్నిపర్వతం

కుట్టుషాపు వెనక గది,
ఆదివారం

అక్కకి,

ఇక్కడ నేనూ, మిషనూ ఇద్దరం బాగానే ఉన్నాం. మిషనుకి నిన్ననే నూనె వేశాను. నాకు వేసేవాళ్ళు లేరు కాబట్టి మోకాళ్ళు కాస్త కిర్రుమంటున్నాయి.

అసలు సంగతికొస్తాను. రొట్టెల బట్టీలో నీకు ఇన్నేళ్ళ అనుభవం. పిండి పొంగించడంలో నీ తర్వాతే ఎవరైనా. అందుకని ఒక్క విషయం అడుగుతున్నాను, ఎందుకని మాత్రం అడక్కు. వంటసోడాలో వెనిగర్ పోస్తే బుసబుసా పొంగుతుందట కదా? ఎంత సోడాకి ఎంత వెనిగర్ పొయ్యాలి? అది ఒక కొండ నెత్తి మీంచి బయటికి రావాలంటే ఏం చెయ్యాలి? కొండంటే నిజం కొండ కాదు, బల్ల మీద పెట్టేంతది. ఉత్తుత్తి అగ్నిపర్వతం అన్నమాట. ఎవరో కస్టమరు అడిగారు, అంతే. కస్టమరు అడిగితే కాదనడం నావల్ల కాదని నీకు తెలుసు.

ఫోన్ మాత్రం చెయ్యకు. నువ్వు ఫోన్ పట్టుకుంటే బావ చెవి దానికి అవతలి వైపు అతుక్కుని ఉంటుంది. ఆయన చెవిన పడిందంటే మర్నాటికి ఆయన నడిపే బస్సులో సీటు సీటుకీ తెలిసిపోతుంది. పోయినసారి నాకు సెగ్గడ్డ లేచినప్పుడు ఏమైందో గుర్తుందా? ముక్కూ మొహం తెలియని ముసలాయన షాపు మెట్లెక్కి, "తగ్గిందా బాబూ, కూర్చోగలుగుతున్నావా?" అని అడిగి, బస్సు వెళ్ళిపోతుందని పరిగెత్తాడు.

కాబట్టి ఉత్తరమే రాయి. తొందరగా రాయి.

నీ తమ్ముడు


రొట్టెల బట్టీ,
రెండో వాయి పొయ్యిలో కాలుతుండగా

ఒరేయ్ బుజ్జిగా,

ఏ కస్టమరైనా టైలరు దగ్గరికొచ్చి చొక్కా అడుగుతాడు, ప్యాంటు అడుగుతాడు. మరీ పిచ్చివాడైతే గొడుక్కి తొడుగు అడుగుతాడు. అగ్నిపర్వతం కుట్టిపెట్టమన్నవాణ్ణి నేను ఈ జన్మలో చూడలేదు. దానికి కొలతలెక్కడ తీసుకున్నావురా, చంకలోనా?

నీకు అబద్ధం ఆడటం చేతకాదు. చిన్నప్పుడు బెల్లం తిని "తినలేదు" అనేవాడివి, మూతికి బెల్లం అలాగే ఉండేది. ఈ ఉత్తరం కూడా అలాగే ఉంది. అగ్గిపుల్ల గీస్తే మంచం కిందకి దూరే మనిషివి, నీకు అగ్నిపర్వతం మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో నాకు తెలియదనుకున్నావా? ఆ ప్రేమ కొండ మీద కాదు. కొండ అడిగిన మనిషి మీద.

అమ్మ చివరి రోజుల్లో నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "వీడికి నోట్లో నాలుక లేదే, నువ్వే ఎలాగోలా ఒక ఇంటివాణ్ణి చెయ్యి" అంది. ఆ మాట నా గుండెల మీద కుంపటిలా ఉండిపోయింది. ఎన్ని సంబంధాలు చూశాను! పెళ్ళిచూపులకి తీసుకెళితే అమ్మాయి వంక చూడకుండా కిటికీ తెర అంచు ఊడిందని సూదీదారం అడిగావు. కుట్టావు కూడా! వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి థాంక్స్ చెప్పి పంపించారు.

ఎవరావిడ? చెప్పేదాకా సోడా గురించి ఒక్క ముక్క రాయను. నీ ఉత్తరాన్ని మైదా బస్తా అడుగున దాచాను. బావ మైదా జోలికి రాడు, తుమ్ములొస్తాయి.

నీ అక్క


కుట్టుషాపు, కట్టింగు బల్ల మీద,
గురువారం

అక్కా,

నువ్వు మామూలు మనిషివి కాదు.

మా మేడ మీది గదిలో అద్దెకుండే టీచరుగారు. బడిలో సైన్సు చెబుతారు. మొదటిసారి తన తెల్లకోటు తీసుకొచ్చారు, జేబు చిరిగిందని. ఆ జేబులో చెయ్యి పెడితే సుద్దముక్కలు, అయస్కాంతం, ఒక బతికున్న నత్త! నేను కెవ్వుమన్నాను. ఆవిడ మాత్రం, "అరే, నువ్విక్కడున్నావా!" అని దాన్ని పలకరించి బల్ల మీద పెట్టారు. అది నా బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి పోయేదాకా ఇద్దరం పనులన్నీ మానేసి చూస్తూ నిలబడ్డాం. చివరికి నేను ధైర్యం చేసి, "నెమ్మదిగా పోతోందండీ" అన్నాను. ఆవిడ నవ్వారు. అక్కా, ఆ నవ్వు విన్న రోజు నుంచి నేను నాలో లేను.

కానీ ఆవిడ ఎదురుగా నిలబడితే నా నోటికి కొలతలు తప్ప ఇంకేమీ రావడం లేదు. మొన్న మెట్ల మీద "బాగున్నారా?" అని అడిగారు. "భుజం పద్నాలుగున్నర" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "సంతోషం" అని వెళ్ళిపోయారు. ఆ రోజంతా మెడలో టేపు వేసుకుని దాంతోనే ఉరేసుకుందామా అనిపించింది.

పోయిన వారం బడి హాలు పైకప్పు కారుతోందని తాళం వేశారట. "పిల్లలకి అగ్నిపర్వతం చూపిస్తానని మాటిచ్చాను, ఇప్పుడు చోటు లేదు" అని ఆవిడ దిగులుగా అన్నారు. అప్పుడు నా నోరు నన్నడక్కుండా తెరుచుకుంది. "మా షాపులో పెట్టుకోండి. కొండ కూడా నేనే చేసిపెడతాను. నాకలవాటే" అంది. అలవాటే అని ఎందుకందో ఆ నోటికే తెలియాలి.

ఇంకో సంగతి. దీన్ని చివరికి దాచుకున్నాను, రాయాలంటే చెయ్యి ఆడక. సెలవులివ్వగానే ఆవిడ వేరే ఊరి బడికి వెళ్ళిపోతున్నారు. గది ఖాళీ చేస్తానని ఇంటావిడకి చెప్పేశారు కూడా. ఈ లోపు చెప్పలేకపోతే ఇక జన్మలో చెప్పలేను. పొద్దున మేడ మీద ఆవిడ అడుగుల చప్పుడు వినిపిస్తేనే నేను మిషను మీద కాలు పెడతాను. ఆ చప్పుడు లేకపోతే ఎలాగో నాకు అర్థం కావడం లేదు. భయంగా ఉందక్కా.

నీ తమ్ముడు


రొట్టెల బట్టీ,
శనివారం, పొయ్యిలు చల్లారాక

నా బంగారు తండ్రీ,

నీ ఉత్తరం చదివి రొట్టెలు మాడబెట్టాను. ఒక వాయి మొత్తం బొగ్గు. మేస్త్రీ అరుస్తుంటే నేను నవ్వుతూ నిలబడ్డాను. ఈవిడకి మతి పోయిందనుకుని ఇంటికి పంపేశాడు. నత్తని పలకరించే మనిషికి నువ్వు నచ్చకుండా ఎలా ఉంటావురా!

ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. పిల్లలొస్తారు. నువ్వు కొండలో వెనిగర్ పోస్తావు. అది పొంగుతుంది. పొంగుతున్నంతసేపూ పిల్లల కళ్ళు దాని మీదే ఉంటాయి, నిన్నెవరూ పట్టించుకోరు. అప్పుడు మెల్లగా ఆవిడ పక్కకి జరిగి, "మీరంటే నాకిష్టం, వెళ్ళిపోకండి" అని చెప్పెయ్యి. అంతే, రెండు ముక్కలు. రోజూ అద్దం ముందు నిలబడి సాధన చెయ్యి. కొలతలొస్తే నాలుక కొరుక్కో.

ఇక సోడా. మామూలుగా పిల్లల ఆటకి చెంచాలతో లెక్క. చెంచాడు సోడా వేస్తే తుస్సుమని చప్పున చల్లారిపోతుంది. ఆ కాస్త టైములో నువ్వు "మీ" దగ్గరే ఆగిపోతావు. నీ నత్తనడకకి బట్టీ కొలత కావాలి. అందుకని మేము పెద్ద వాయికి వాడే సోడా డబ్బా నిండుగా పంపుతున్నాను. మొత్తం వెయ్యి. వెనిగర్ ఒక కూజా నిండా తీసుకో. గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త, ఎర్ర రంగు కాస్త కలుపు. నువ్వు నత్తినత్తిగా చెప్పినా, మధ్యలో మంచినీళ్ళు తాగొచ్చి చెప్పినా, అది పొంగుతూనే ఉంటుంది.

డబ్బా బావ బస్సులోనే పంపిస్తున్నా. నీకు అజీర్తి, అందుకే సోడా అని చెప్పాను. ఎవరైనా వచ్చి కడుపు గురించి అడిగితే తగ్గిందని చెప్పు.

నీ అక్క


కుట్టుషాపు,
మంగళవారం

అక్కా,

డబ్బా చేరింది. దానితో పాటు ఇద్దరు ప్రయాణికులు జీలకర్ర నమలమని సలహా పంపారు.

కొండ తయారైంది. మట్టితోనో, కాగితం ముద్దతోనో చేస్తారట, నాకవి చేతకావు. నాకు గుడ్డ తెలుసు. కిటికీలో కోట్లు తొడిగి పెట్టే నా బొమ్మ ఉంది కదా, తలా చేతులూ లేనిది. లోపల డొల్లే, మెడ దగ్గర తెరిచే ఉంటుంది. దాని అడుగు నుంచి సోడా బకెట్టు దూర్చాను. పైన గోధుమరంగు వానకోటు గుడ్డతో కొండ కుట్టాను. రెండేసి కుట్లు వేశాను, ఒక్క చుక్క కూడా కారదు. బల్ల మీద కస్టమర్ల బట్టలుంటాయి కాబట్టి అడుగున నాడా దూర్చి బిగించాను. శిఖరం దగ్గర గుండ్రంగా కాలరు పెట్టాను, దుమ్ము పడకుండా రెండు బటన్లు కూడా. కొండ ఒక వైపు మరీ బోసిగా ఉందని జేబు పెట్టాను. చాలా అందంగా ఒదిగింది. కాస్త నడుము కనిపిస్తోంది గానీ, దూరం నుంచి చూస్తే కొండే.

అద్దం ముందు సాధన చేస్తున్నాను. ఇవాళ "మీరంటే నాకిష్టం" దాకా వచ్చాను. తర్వాత "నడుము ముప్ఫై" అన్నాను. ఇంకా మూడు రోజులుంది.

నీ తమ్ముడు


రొట్టెల బట్టీ,
హడావిడిలో

ఒరేయ్, కొండకి జేబెందుకురా?

అక్క


కుట్టుషాపు, తలుపు లోపల గడియ వేసి,
శనివారం

గౌరవనీయురాలైన అక్కకి,

జేబెందుకని అడిగావు. లావా బయటికి రావడానికి.

నేనిక ఈ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేను. ఈ షాపు ఎత్తేసి మీ ఊరొచ్చేస్తాను. మీ బట్టీలో పిండి బస్తాలు కుట్టే పనేదైనా ఉంటే మాట్లాడిపెట్టు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నిన్న పిల్లలు వరసగా వచ్చారు. హెడ్మాస్టరుగారు కూడా వచ్చారు. నేనే కుర్చీ వేసి, బాగా కనబడాలని కొండకి దగ్గరగా, సరిగ్గా జేబుకి ఎదురుగా కూర్చోబెట్టాను. ముందు వరసలో జడలు వేసుకున్న పిల్ల ఒకతి ఉంది. అది ప్రశ్నల పుట్ట. "సార్, కొండకి నడుమెందుకుంది? సార్, కొండ చలికి కోటేసుకుందా?" అని చంపేసింది. టీచరుగారు పెదవి బిగపట్టి నవ్వాపుకుంటున్నారు.

కూజాతో వెనిగర్ పోశాను. లోపల బుస్సుమంది. ఇక్కడే కొంప మునిగింది. ఇరవై ఏళ్ళుగా ఎవరి మెడ దగ్గర కాలరు కనబడినా నా చేతులు వాటంతటవే బటన్లు పెట్టేస్తాయి. ట్రయలు వేసుకున్న ప్రతి మనిషికీ పెడతాను. ఈ కొండకీ పెట్టేశాను. పైగా దాని భుజం మీద దుమ్ము దులిపి, "సరిపోయిందండీ" అన్నాను. నేను బటన్లు పెట్టిన సంగతి నాకే తెలియదు. చక్కగా నడుచుకుంటూ వెళ్ళి టీచరుగారి పక్కన నిలబడి నోరు తెరిచాను. "చెయ్యి పొడవు" అన్నాను. నాలుక కొరుక్కున్నాను, గట్టిగా, రక్తం వచ్చేలా.

ఇంతలో ఆ జడల పిల్ల, "సార్, లావా రాలేదు, కొండే లావవుతోంది!" అని కేక పెట్టింది. చూద్దును కదా, కొండకి పొట్ట! చూస్తుండగానే భుజాలు ఉబ్బాయి, వీపు ఉబ్బింది. కాలరు బిగిసి బటన్లు కీచుమంటున్నాయి. నా కుట్లు గట్టివక్కా, ఒక్కటంటే ఒక్కటి తెగలేదు. పిల్లలందరూ దాని చుట్టూనే ఉన్నారు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. పరుగున వెళ్ళి కొండని రెండు చేతులా గట్టిగా వాటేసుకున్నాను. ఆ కంగారులో ఏదో అరిచాను. ఏం అరిచానో రాయలేను. చచ్చినా రాయలేను.

నేను వాటేసుకునేసరికి జేబు తెగింది. ఎర్రటి నురగ ధారగా వెళ్ళి హెడ్మాస్టరుగారి కళ్ళద్దాల మీద, మీసాల మీద, ఆయన తెరిచిన నోట్లోకి పోయింది. మిగిలిందంతా నాకు. పిల్లలు ఈలలేసి చప్పట్లు కొడుతుంటే నేను వెనక గదిలోకి పరిగెత్తి గడియ వేసుకున్నాను. అది ఇంతవరకు తీయలేదు. టీచరుగారు రెండుసార్లు వచ్చి తలుపు కొట్టారు. చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఏమన్నా భరించలేను. జాలిపడితే అసలే భరించలేను. ఈ ఉత్తరం కిటికీలోంచి ఇస్తే పాలాయన పోస్టులో వేస్తానన్నాడు.

ఇట్లు,
ఎర్రబడ్డ నీ తమ్ముడు


మా ఇంటి వరండా,
మంగళవారం

ఒరేయ్ వెర్రినాగన్నా,

ముందు దూది తియ్యి.

తప్పు నీది కాదు, నాది. బట్టీ కొలత ఇచ్చింది నేను. రెండొందల రొట్టెలు పొంగించే సోడాని ఒక్క కొండలో వెయ్యమన్నాను. కొలత తప్పని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. కానీ నీకు కాస్త ఎక్కువ టైము దొరకాలన్న ఆత్రం నాది. నీ ఉత్తరం చదివి మొదట పడీపడీ నవ్వాను. తర్వాత నువ్వు గడియ వేసుకున్న ముక్క దగ్గర నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే బావ వచ్చి ఉత్తరం లాక్కున్నాడు. ఇక చెప్పేదేముంది, ఇవాళ పొద్దున బస్సు బస్సంతా నీ పక్షాన ఉంది. వెనక సీటు ముసలావిడ ఎవరో, "ఆ అబ్బాయిని తలుపు తియ్యమనండి" అని దిగుతూ దిగుతూ మరీ చెప్పిందట.

టీచరుగారికి కూడా ఒక ఉత్తరం రాశాను. "అమ్మా, సోడా తప్పు నాది, మావాడు అమాయకుడు, మీరు వెళ్ళిపోయేలోపు వాడి మీద కోపం లేదని ఒక్కసారి చెప్పి వెళ్ళండి" అని. అంతకు మించి ఒక్క ముక్క రాయలేదు. నీ బదులు నేను అడగకూడదు, అది నువ్వే అడగాలి.

పిండి బస్తాలు కుట్టడానికి మా దగ్గర మిషనుంది, నువ్వక్కర్లేదు. ఏదో అరిచానన్నావే, ఏమరిచావురా? అది చెప్పకుండా నన్ను చంపకు. తలుపు తియ్యి, నాన్నా.

అక్క


మేడ మీది గది,
గురువారం

వదినగారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. మీ తమ్ముడుగారి మీద నాకు కోపం లేదు. ఆయన మీకు ఏం రాశారో, ఏం రాయలేదో నాకు తెలియదు కాబట్టి, నేను కళ్ళారా చూసింది చెబుతాను.

కొండ ఉబ్బుతుంటే మేమందరం నోళ్ళు తెరిచి చూస్తున్నాం. ఆయనొక్కరే ముందుకి పరిగెత్తారు. లోపలున్నది సోడా, వెనిగర్. మహా అయితే బట్టలు తడుస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకి తెలియదు. ఆయన నిజంగానే పేలిపోతుందనుకున్నారు. పేలితే పిల్లలకి తగలకూడదని దాన్ని గుండెలకి హత్తుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, వీధి చివరి దాకా వినబడేలా అరిచారు: "టీచరుగారూ! నేను పోయేలోపు చెప్పేస్తున్నాను! మీరంటే నాకు ప్రాణం! వెళ్ళిపోకండి! పిల్లల్ని పక్కకి తీసుకెళ్ళండి!"

మాటలు తిన్నగా వచ్చాయి. మధ్యలో ఒక్క కొలత కూడా లేదు.

మర్నాడు తరగతిలో "అగ్నిపర్వతం ఎందుకు పేలుతుంది?" అని రాయమన్నాను. సగం మంది, "టైలరుగారికి టీచరంటే ప్రాణం కాబట్టి" అని రాశారు. నేను మార్కులు వేసేశాను. హెడ్మాస్టరుగారి కళ్ళద్దాలు కడిగి ఇచ్చాం. మీసాలు మాత్రం ఇంకా గులాబీ రంగులో ఉన్నాయి. నేను వేరే ఊరు వెళ్ళడం లేదని హెడ్మాస్టరుగారితో నిన్న చెప్పాను. "నాకు ముందే తెలుసు లెండి" అన్నారు.

నిజం చెప్పాలంటే, ఏడాదిగా మీ తమ్ముడుగారి నోటి నుంచి ఒక్క మాట వస్తుందేమోనని కాచుకుని కూర్చున్నాను. రాదని తెలిసి, బాధపడే బదులు వెళ్ళిపోవడం మేలనుకుని, వేరే బడికి అర్జీ పెట్టుకున్నాను. నాకూ నోరు పెగలలేదు మరి. ఒక్క ఆయన్నే అనడం న్యాయం కాదు.

ఆయన ఇంకా గడియ తీయలేదు. చెవుల్లో దూది ఉన్నట్టుంది, ఎంత పిలిచినా పలకరు. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. మీ ఉత్తరం నిండా మైదా అంటుకుని మీ ఇంటి నంబరు నాకు సరిగ్గా కనబడలేదు. ఈ ఉత్తరాన్ని ఆయన తలుపు కిందనుంచి లోపలికి తోస్తున్నాను, చిరునామా సరిచూసి ఇమ్మని. మొదటి మాట నుంచి చదివి, ఎక్కడైనా తప్పుంటే దిద్దమని కూడా పైన రాసి పెట్టాను. మెట్ల మీద కూర్చుని ఎదురు చూస్తాను.

మీ రాక కోసం చూసే,
మేడ మీది టీచరు

అక్కా, ఇంటి నంబరు తప్పు, దిద్దాను. మొదటి మాట దిద్దలేదు. దూది తీశాను. తలుపు తీస్తున్నాను.